పిడి చెక్కలు

కర్నూలు వన్‌టౌన్ సందులో
మహబూబ్ పీరా అంగడికి రెండు బోర్డులు.
కుట్టు మిషన్ల రిపేరుది పెద్దది,
తుపాకులది చిన్నది.

లైసెన్సు పుస్తకం బల్లమీద పెట్టినా.
ఫోటో చూసి, నన్ను చూసి,
మళ్లీ ఫోటో చూసినాడు.
ఇరవై రెండేండ్ల కిందటి మీసం అది.
"ఆదోనా? పత్తి మండీనా?"
కాలరు మడతలో దూది పోగు ఇంకా ఉండాది.

గుండ్లు ఇంట్లోనే పెట్టొచ్చినా అని చెప్పినా
చక్రం తిప్పి, ఆరు బొక్కల్లోంచి
ఆరుసార్లు వీధిని చూసినాడు.
ఆ తర్వాతే టీ చెప్పినాడు.

కాన్పూరు నుంచి వచ్చిన ముప్పై రెండు.
దీన్ని నేను కాల్చింది ఒకేసారి,
కొన్న ఏడు, చేని గట్టున, డాల్డా డబ్బా మీద.
డబ్బాకు ఏమీ కాలేదు.
ఆమీట అది చేసిన పనంతా
నా వెంట బ్యాంకుకు పోయి రావడం,
ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా
పోలీసు స్టేషన్‌లో రెండు నెలలు పండుకోవడం.
చెక్క పగిలింది అక్కడే,
ఎవరి తుపాకీ కింద నలిగిందో.

పగులొకటే అయితే ఫెవికాల్ చాలు.
పీరాకు నా కుడిచెయ్యి చూపించినా.
మిల్లులో బుడ్డన్న చెయ్యి బయటికి లాగబోయి
నా చిటికెన వేలూ ఉంగరం వేలూ
పత్తిలోకి పోయినాయి.
బేలు ఎర్రగయిందని
కొనేవాడు రేటు తగ్గించినాడు.

మూడు వేళ్లల్లో పాత పిడి
చేప తిరిగినట్టు తిరుగుతాది.

గాజులోడి మాదిరి గుడ్డ పరిచి
జతలు జతలుగా పెట్టినాడు పీరా.
గేదె కొమ్ముది చల్లగా ఉండాది,
ఏ గేదెదో, ఏ సంతలో చేతులు మారిందో.
జిట్టేగిది గళ్లు గళ్లుగా చెక్కినారు,
అరచేతిని పిల్లి నాకినట్టు.
దంతం మాదిరి తెల్ల ప్లాస్టిక్కుది
"చూపించుకునేటోళ్లు తీసుకుంటారు" అన్నాడు.
రబ్బరుది లావు. పట్టుకుంటే
ఎండలో నిలబెట్టిన మోపెడ్ గుర్తొచ్చింది.
ఎర్రచందనం లేదా అంటే నవ్వి
"తుపాకీకి లైసెన్సుంది సెట్టీ,
చెక్కకు లేదు" అన్నాడు.

చివరికి మైనం ముద్ద చేతికిచ్చి
పిడికిలి బిగించమన్నాడు.
నా మూడు వేళ్లూ, రెండు గుంటలూ
దాంట్లో దిగినాయి.
వారం పట్టింది.

అక్రోటు చెక్క.
లేని వేళ్ల తావు నింపి,
బొటనవేలికి ఒక వాలు తీసి,
నూనె పట్టించి ఇచ్చినాడు.
పట్టుకుంటే
పోయిన రెండూ మళ్లీ మొలిచినట్టే అయింది.
రివాల్వరు పట్టుకున్నట్టు లేదు,
చెయ్యే ఇంకో జానెడు పెరిగింది.

గోడమీది క్యాలెండరు వైపు పోయింది.
గడియారం వైపు పోయింది.
అప్పుడు వీధిలో తెల్లచొక్కా ఒకటి పోతాంటే
దాని వెంబడి పోయింది,
కరెంటు స్తంభం దాకా, సోడా బండి దాకా.
నేను పొమ్మనలేదు.
బేలు కొన్నవాడు వేసుకునేదీ
అట్లాంటి చొక్కానే.

కింద పెట్టినా.
"కుదిరింది గదా?"
కుదిరింది.
"మరింకేం?"
రబ్బరుది బిగించు పీరా.
"అది నీ చేతిలో నిలవదు సెట్టీ."
నిలవకపోనీ.

స్క్రూ డ్రైవరు పట్టుకొని
నన్ను చానాసేపు చూసినాడు.
రెండు జతలకూ డబ్బులు తీసుకున్నాడు,
న్యాయమే.

సాయంత్రం ఆదోని బస్సు.
కండక్టరు చిల్లర అడిగితే జేబులో చెయ్యి పెట్టినా.
నాణేల కన్నా ముందు
అక్రోటు చెక్కే చేతికొచ్చింది.
ఎమ్మిగనూరు దాటేదాకా
దాన్నట్లే పట్టుకొని కూచున్నా.